ముందు నేలను చదవాలి... తర్వాతే ఇల్లు గీయాలి

ప్లాటు చూడ్డానికి వెళ్లినవాళ్లు ఏమడుగుతారు? ఎన్ని గజాలు, ఏ ఫేసింగు, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, గజం ఎంత... అంతేగా! అదే ప్లాటు దగ్గరికి ఆర్కిటెక్చర్ చదివే పిల్లల్ని తీసుకెళ్తే వాళ్లు అడగాల్సిన ప్రశ్నలు వేరు. వాన పడితే ఇక్కడి నీళ్లు ఎటు పోతాయి? మధ్యాహ్నం మూడింటికి నీడ ఎక్కడ పడుతుంది? జూన్‌లో గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది? అడుగు లోతు తవ్వితే మట్టి తగులుతుందా, బండ తగులుతుందా? ఆ మూలనున్న వేపచెట్టును ఉంచి కట్టగలమా? వీటికి జవాబులు దొరికాకే పెన్సిల్ పట్టుకోవాలి. ఇల్లు గీయడం నేర్పే చదువులో అసలైన మొదటి పాఠం ఇదే.

ఆ పాఠం చెప్పుకోవడానికి హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేటల కన్నా మంచి తరగతి గది దొరకడం కష్టం. ఇక్కడ బండలున్నాయి. గుట్టలున్నాయి. చెరువులు, కుంటలు ఉన్నాయి. ఊళ్ల లోపలికి వెళ్తే పాత పెంకుటిళ్లు అక్కడక్కడా ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే అన్నిటినీ చదును చేసుకుంటూ వస్తున్న వెంచర్లూ ఉన్నాయి. ఏం చేయాలో, ఏం చేయకూడదో... రెండూ ఒకేచోట చూడొచ్చన్నమాట.

ఊరు దాటితే బడి మొదలు

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి పట్టుకుంటే తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట, తూంకుంట... ఆ తర్వాత శామీర్‌పేట. రోడ్డుకు దగ్గర్లోనే పెద్ద చెరువు, ఆ పక్కన జింకల పార్కు. ఆదివారం వస్తే చాలు, నగరం నుంచి కుటుంబాలు కార్లేసుకుని వచ్చి నీళ్లు చూసి, దాబాల్లో తిని వెళ్తుంటాయి. ఇంకో దారిలో నాగపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ దాటితే మేడ్చల్. ఒకప్పుడు ఈ ప్రాంతమంటే ద్రాక్షతోటలు గుర్తొచ్చేవి.

పాతికేళ్లలో ఇక్కడి రూపం మారిపోయింది. 1998లో ఏర్పాటైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటకు వచ్చింది. తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ పెరిగింది. 2008లో బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ మొదలైంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో చివరి ముక్క కండ్లకోయ దగ్గర 2018లో పూర్తయింది. అంతకు రెండేళ్ల ముందే, 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. రోడ్డు వస్తే ప్లాట్లు వస్తాయి. ప్లాట్లు వస్తే జేసీబీ వస్తుంది. జేసీబీ వచ్చిందంటే ముందు పోయేది నేల రూపమే.

ఇక్కడే ఆర్కిటెక్చర్ చదువుకు పని పడుతుంది. బీఆర్క్ అయిదేళ్ల కోర్సు. ఏడాదికేడాది డిజైన్ స్టూడియో ఉంటుంది. పిల్లలు గీస్తారు, అట్టలతో నమూనాలు చేస్తారు, చివర్లో జ్యూరీ ముందు నిలబడి తమ డిజైన్‌ను సమర్థించుకుంటారు. మొదటి రెండేళ్లలోనే చిన్న ఇంటిని డిజైన్ చేయమని అడుగుతారు. ఆ ఇంటికి చదునైన తెల్లకాగితాన్ని స్థలంగా ఇస్తే పిల్లలు గదులు పేర్చడం నేర్చుకుంటారు. బండా, వాలూ, చెట్టూ ఉన్న నేలను ఇస్తేనే ఇల్లు కట్టడం నేర్చుకుంటారు. తేడా అంతా అక్కడుంది.

బండతో బేరం

హైదరాబాద్ చుట్టూ కనిపించే ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల గట్టిపడిన రాయి పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడింది. పగుళ్లలోకి నీరు దిగి, అంచులు అరిగి, గుండ్రటి గుండ్లయింది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్న మెత్తటి భాగం మొరంగా మారి పోతే గట్టి భాగం అలా నిలిచిపోయింది. ఇదే జిల్లాలోని మౌలాలి గుట్ట ఎక్కి చూస్తే ఈ కథంతా కళ్లకు కడుతుంది.

మరి స్థలంలో పెద్ద గుండు ఉంటే ఏం చేయాలి? మామూలు జవాబు... పగలగొట్టించేయడం. విద్యార్థి వెతకాల్సిన జవాబు వేరు. ఆ గుండు ఇంటికి పడమటి వైపు ఉందనుకుందాం. మే నెల సాయంత్రం ఎండను అదే ఆపుతుంది. దాని నీడ పడే తూర్పు వైపున వరండా పెడితే నాలుగింటికే కూర్చోవచ్చు. అయితే పగలంతా కాగిన రాయి రాత్రి వేడిని వదులుతుంది. కాబట్టి గోడను దానికి ఆనించకూడదు, మధ్యలో గాలి ఆడేంత సందు వదలాలి. నేలబండ మీద పునాదికి లోతుగా తవ్వే పని తగ్గుతుంది. కానీ అదే బండలో ఇంకుడుగుంత పనిచేయదు, మరుగుదొడ్డి నీళ్లు ఇంకవు. వాటికి మొరం ఉన్న చోటును ముందే వెతికి పెట్టుకోవాలి. బండతో బేరం అంటే ఇదే. అది ఇచ్చేదీ ఉంటుంది, ఒప్పుకోనిదీ ఉంటుంది.

ఇలా కట్టడం కుదిరే పనేనా అంటారా? అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1935లో డిజైన్ చేసిన ఫాలింగ్‌వాటర్ ఇంట్లో జలపాతం పక్కనున్న బండ హాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని చెక్కేయకుండా చలిమంట వేసుకునే చోటుగా ఉంచేశారు. మనకు దగ్గర్లో, తిరువనంతపురంలో లారీ బేకర్ తన సొంత ఇంటిని రాళ్లు నిండిన ఏటవాలు గుట్ట మీదే కట్టుకున్నారు. నేలను చదును చేసే ఖర్చు లేదు, గదులు వాలును బట్టి మెట్లు మెట్లుగా దిగుతాయి. పేదవాడి ఇంటి ఖర్చు తగ్గించడానికి జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన. నేలతో కలిసి కట్టడం డబ్బున్నవాళ్ల సరదా అనుకునేవాళ్లకు ఆయన ఇల్లే సమాధానం.

మన నగరంలోనూ రాళ్ల కోసం నిలబడినవాళ్లున్నారు. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ సభ్యులు జనాన్ని రాళ్ల మధ్యకి నడకలకు తీసుకెళ్లి, వాటిని కాపాడాలని అడుగుతూ వచ్చారు. నగరంలోని కొన్ని శిలాకృతులకు వారసత్వ జాబితాలో చోటు దక్కింది. కానీ జాబితాలో లేని గుండ్లే ఎక్కువ. శామీర్‌పేట పొలాల మధ్య ఉన్న గుండుకు దిక్కెవరు? రేపు ఆ పొలంలో ఇల్లు గీసే కుర్రాడో, అమ్మాయో!

నీళ్ల దారిలో ఇల్లు

రెండో పాఠం నీళ్లది. తెలంగాణలో చెరువులు ఒంటరిగా ఉండవు, గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండితే అలుగు పారి ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. మధ్యలో కుంటలు, కాల్వలు. వేసవిలో చూస్తే ఆ దారి ఎండిపోయిన పల్లంలా ఉంటుంది. అక్కడ నాలుగు కడీలు పాతి తీగ కట్టేస్తే ప్లాటులాగే కనిపిస్తుంది.

2020 అక్టోబరు 13, 14 తేదీలను నగరం మర్చిపోలేదు. ఆ వానకు ఇదే జిల్లాలోని ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. మేడ్చల్ దారిలోనే ఉన్న కొంపల్లిలో ఫాక్స్‌సాగర్ చెరువు పొంగి ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అక్కడి ఇళ్లు కట్టినవాళ్లకు సిమెంటు తెలుసు, ఇనుము తెలుసు. ఏ మేస్త్రీ పనిలోనూ లోపం లేకపోవచ్చు. నీళ్ల దారి మాత్రం గోడల కన్నా పాతది. అది తన దారినే వస్తుంది.

అందుకే విద్యార్థులకు కాంటూరు గీతలు నేర్పుతారు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత కాంటూరు. ఆ గీతలు దగ్గరగా ఉంటే నేల నిటారుగా ఉన్నట్టు, దూరంగా ఉంటే మెల్లగా వాలుతున్నట్టు. నీరు ఎప్పుడూ వాటిని అడ్డంగా దాటుతూ కిందికి పారుతుంది. డంపీ లెవెల్‌తోనో, టోటల్ స్టేషన్‌తోనో కొలవొచ్చు. అవేవీ లేకపోయినా ఫరవాలేదు. సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి, రెండు చివరలూ ఇద్దరు పట్టుకుని మట్టం చూసే మేస్త్రీల పద్ధతి చాలు. ఒక ఆదివారం పొద్దున్నే చేస్తే మధ్యాహ్నానికి స్థలం వాలు కాగితం మీదికి వచ్చేస్తుంది.

నిబంధనలూ ఇందులో భాగమే. చెరువు నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఆ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువులకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలని చెప్పాయి. విద్యార్థికి ఇది పరీక్షలో రాసే అంకె. చెరువు కట్ట మీద నిలబడి ఆ 30 మీటర్లు తన అడుగులతో కొలిస్తే అదే అంకెకు అర్థం తెలుస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. అంటే ఒక్క ప్లాటు మీద ఏడాదిలో పడే నీళ్లు దాదాపు లక్షా 33 వేల లీటర్లు! దాన్నంతా సిమెంటుతో కప్పేసి రోడ్డు మీదికి తోసేస్తామా, కొంతైనా మొరంలోకి దింపుతామా? ఇల్లు గీసే రోజే తేలాల్సిన సంగతి ఇది.

సూర్యుడు ఎక్కడుంటాడో తెలుసా?

శామీర్‌పేట సుమారు 17.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకెతో ఏడాది పొడవునా ఎండ ఎటు నుంచి పడుతుందో చెప్పేయొచ్చు. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి వెళ్తాడు. డిసెంబరు చివర్లో మాత్రం దక్షిణం వైపు దిగి, మధ్యాహ్నం కూడా 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

దీని అర్థమేంటి? దక్షిణం కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ వేస్తే వేసవి ఎండ ఆగుతుంది, చలికాలం ఎండ లోపలికి వస్తుంది. అదే సన్‌షేడ్ పడమటి కిటికీకి వేస్తే ఏం లాభం లేదు. ఎందుకంటే సాయంత్రం ఎండ పైనుంచి కాదు, ఎదురుగా వస్తుంది. అక్కడ కావాల్సింది జాలీ గోడో, చెట్టో. లేదా మెట్లు, స్నానాల గది, స్టోరు లాంటివి ఆ వైపుకు పెట్టుకోవాలి. వానాకాలం గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఎండను ఆపుతూ గాలిని రానివ్వడం... పడమటి గోడ దగ్గర ప్రతి విద్యార్థీ తలపట్టుకునేది ఇక్కడే. ఒక వేపచెట్టు రెండు పనులూ చేస్తుంది. ఉన్న చెట్టును కొట్టకపోతే అది ఉచితం!

ఈ పాఠానికి పెద్ద ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది. కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్ కార్యాలయ భవనాన్ని 1960ల చివర్లో డిజైన్ చేసింది చార్లెస్ కొరియా. 1930లో సికింద్రాబాద్‌లో పుట్టిన కొరియా దేశం గర్వించే ఆర్కిటెక్టయ్యారు. ఏసీల అవసరం తగ్గేలా గదుల మధ్య ఖాళీ జాగాలు, గాలి ఆడే దారులు, ఎండను అడ్డుకునే నీడ పందిళ్లు పెట్టి కట్టిన భవనమది. వాతావరణమే భవనానికి రూపమివ్వాలన్నది ఆయన జీవితమంతా చెప్పిన మాట. ఆ మాట చెప్పిన మనిషి మన ఊరివాడే.

పెంకుటింటి పంతులు

పుస్తకంలో లేని గురువు ఇంకొకరున్నారు. పాత ఊళ్లోని పెంకుటిల్లు! ఆర్కిటెక్చర్ కాలేజీల్లో పాత ఇంటిని అంగుళం అంగుళం కొలిచి గీయించే అభ్యాసం ఉంటుంది. గోడ మందం, దర్వాజ ఎత్తు, దూలాల దూరం... అన్నీ కొలవాలి. కొలిచేటప్పుడు ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. మట్టిగోడ అంత మందమెందుకు? మధ్యాహ్నం వేడి లోపలికి రావడానికి సాయంత్రం దాకా పట్టాలని. కప్పు అంత వాలెందుకు? వాన నిలవకూడదని. భవంతి ఇంట్లో మధ్యలో ఆకాశం కనిపించే ఆ జాగా ఎందుకు? వేడిగాలి పైకి పోవాలని, ప్రతి గదికీ వెలుగు రావాలని, వాన నీళ్లు ఇంటి మధ్య నుంచే పద్ధతిగా బయటికి పోవాలని. వాకిట్లో అరుగెందుకు? దారినపోయే మనిషి కూర్చోవాలని.

గోడకు మట్టి, రాయి ఊరి నేలలోంచే వచ్చాయి. దూలం తాటిచెట్టుది. కప్పు మీద గూన పెంకులు కుమ్మరి కాల్చినవి. గ్రానైట్‌ను ఏ పగులు వెంట కొడితే పలకలా లేస్తుందో వడ్డెరలకు తెలుసు. ఇవాళ అలాగే కట్టాలని ఎవరూ అనడం లేదు. పెంకులు సర్దే మనిషి దొరకడు, చెదలు పడతాయి, వంటింట్లో వెలుతురు చాలదు. అమ్మమ్మను అడిగితే ఆ ఇంటి కష్టాలూ చెబుతుంది. నేర్చుకోవాల్సింది ఆ ఇంటి ఆకారం కాదు, ఆ ఇల్లు తన నేలను అడిగిన ప్రశ్నలు.

గీయడానికి ముందు అక్కడుండి చూడాలి

ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో అరిజోనా ఎడారిలో టాలీసిన్ వెస్ట్ కట్టడం మొదలుపెట్టారు. అక్కడ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎడారిలో గుడారాల్లో, తమ చేతులతో కట్టుకున్న చిన్న గూళ్లలో ఉండేవాళ్లు. రాత్రి చలి, పగటి ఎండ, గాలి ఎటు తిరుగుతుందో... ఒంటికి తెలిసేది. గోడలకు రాళ్లు కూడా ఆ ఎడారివే.

మన పిల్లలకు అంత అక్కర్లేదు. హైదరాబాద్‌లో కాలేజీ నుంచి బస్సెక్కితే గంటా గంటన్నరలో శామీర్‌పేట. కానీ ఒక్కసారి వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్తే సరిపోదు. ఆగస్టులో ఒకసారి, మేలో ఒకసారి రావాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడాలి. ఆగస్టులో పచ్చగా ఉన్న పల్లమే మేలో చదును నేల. సెప్టెంబరు, అక్టోబరుల్లో బతుకమ్మకు పూసే తంగేడు ఎక్కడుందో చూస్తే, మట్టి పల్చగా ఉన్నా ఏ మొక్క బతుకుతుందో తెలుస్తుంది. గుండ్ల మధ్య సీతాఫలం పెరుగుతుంటే అక్కడి పగుళ్లలో కాస్త మట్టి, తడి ఉన్నట్టు. చెట్లు కూడా చెబుతాయి, చదవడం రావాలి.

జ్యూరీలోనూ ఒక ప్రశ్న ముందుకు రావాలి. 'ఈ ఇంటిని తీసుకెళ్లి వేరే చోట పెడితే కుదురుతుందా?' కుదురుతుందంటే ఆ ఇల్లు ఇంకా ఈ నేలది కాలేదన్నమాట. మళ్లీ గీయాల్సిందే.

రెండొందల గజాల్లో ఇవన్నీ కుదురుతాయా?

ఇక్కడ చదువరులకు ఒక అనుమానం రావాలి. గుట్ట, చెరువు, గుండు ఉన్న స్థలం ఫామ్‌హౌస్‌లకు గానీ మాకెక్కడిది? మాది 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. చుట్టూ గోడలు. నిజమే. అయినా ఆ ప్లాటుకూ వాలుంటుంది. ఇరవై అడుగులకు ఒక అడుగు వాలుంటే 60 అడుగుల పొడవులో 3 అడుగుల తేడా వస్తుంది. దాన్ని ఎత్తు వైపు మట్టానికి నింపాలంటే 2,700 ఘనపుటడుగుల మట్టి కావాలి. ఆ మట్టిని ఆపడానికి గోడ కావాలి. అలా కాకుండా ముందు గదులను ఒక మట్టంలో, వెనక గదులను మూడడుగుల పైన పెట్టి మధ్యలో అయిదారు మెట్లు వేస్తే? మట్టి ఖర్చు తగ్గుతుంది, హాలుకు ఎత్తైన కప్పు వస్తుంది. మోకాళ్ల నొప్పులున్న తాతయ్య గది కింది మట్టంలో ఉండాలన్నది మర్చిపోకూడదు. ఇల్లన్నాక నేల సంగతి ఎంత ముఖ్యమో మనిషి సంగతీ అంతే.

వాస్తు మాటేమిటి? ఈశాన్యం పల్లంగా ఉండాలని చాలా కుటుంబాలు కోరతాయి. నేల నైరుతికి వాలి ఉంటే లారీలతో మట్టి పోయిస్తాయి. కుటుంబం నమ్మకాన్ని తోసిపుచ్చే హక్కు ఆర్కిటెక్టుకు లేదు. కానీ అలా పోసిన మట్టి పై ప్లాటు నుంచి వచ్చే నీళ్లకు అడ్డుకట్ట అవుతుందని చెప్పే బాధ్యత ఉంది. ఇంటి లోపలి మట్టాలు వాళ్ల కోరిక ప్రకారం పెట్టి, పక్కన వదిలిన జాగాలో నీళ్ల పాత దారిని కాల్వగా ఉంచొచ్చు. గొడవ లేకుండా రెండూ కుదిరే దారి వెతకడమే కదా డిజైన్ అంటే!

అసలు సమస్య ప్లాటు కన్నా ముందే మొదలవుతుంది. వెంచర్ వేసేటప్పుడే నేలంతా చదునైపోతే తర్వాత వచ్చే ఆర్కిటెక్టుకు చదవడానికి ఏం మిగలదు. అందుకే ఇల్లొక్కటే కాదు, పది ఇళ్ల వీధిని కూడా పిల్లలతో గీయించాలి. వీధి వాలును బట్టి వెళ్తే వాన నీళ్లు ఎటు చేరతాయి, గుండును పార్కులో ఉంచితే ఎన్ని ప్లాట్లు తగ్గుతాయి, ఆ నష్టం ఎలా పూడుతుంది... ఈ లెక్క వేయగలిగిన విద్యార్థి రేపు వెంచర్ యజమాని ముందు కూర్చుని ఒక్క మాటైనా చెప్పగలడు. చదువు ముగించుకుని వెళ్లే పిల్లల్లో చాలామందికి రేపు చేతికొచ్చేది ఇలాంటి శివారు నేలలే.

ఈసారి మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో ప్లాటు చూడ్డానికి వెళ్తే ఒక పని చేయండి. ఫేసింగు అడిగే ముందు ఒక సీసా నీళ్లు నేల మీద పోసి అవి ఎటు పారతాయో చూడండి. పాత ఊళ్లో ఓ పెద్దాయనను పట్టుకుని, ఇక్కడ వానాకాలంలో నీళ్లు నిలిచేవా అని అడగండి. మీ పిల్లలుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. 250 కోట్ల ఏళ్లుగా అక్కడున్న బండను పగలగొట్టడానికి ఒక్క రోజు చాలు. దాన్ని ఉంచి ఇల్లు ఎలా కట్టాలో ఆలోచించడానికి మాత్రం కాస్త ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయం ఇవ్వగలిగేది ఇల్లు కట్టించుకునే మీరే.